చెన్నూరు దాకా గాలి

"నన్ను చెన్నూరుకు పోనిస్తరా, పోనియ్యరా?"

ప్రశ్నలు అడగడానికి వచ్చినవాణ్ణి నేను. మంచంలో ఉన్న మనిషి నాకంటే ముందే అడిగేశాడు. ఆ ఒక్క మాట అనడానికి అతను మధ్యలో మూడుసార్లు ఆగి గాలి పీల్చుకోవలసి వచ్చింది. ముక్కులో పెట్టిన రబ్బరు గొట్టం మంచం పక్కన నిలబెట్టిన నల్లటి ఆక్సిజన్ సిలిండర్‌కు తగిలించి ఉంది. ఆ గొట్టం తీస్తే కాసేపట్లోనే పెదవులు నీలంగా మారతాయని నర్సు అనసూర్య నాకు ముందే చెప్పింది.

పేరు ఇస్తారి. వయసు నలభై ఆరంటారు, చూస్తే అరవై అనిపిస్తుంది. పదిహేనేళ్లు గనిలో బొగ్గు కొట్టాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరింది. ఏడు నెలలుగా ఈ కంపెనీ దవాఖానే అతని ఇల్లు.

"పోనియ్యకుండ ఆపెటందుకు నేనెవణ్ణి?" అన్నాను. "నా పేరు సిద్దిరాములు. కరీంనగర్ నుంచి వచ్చిన. బీమా కంపెనీ పంపింది. నిన్న పొద్దున మల్లన్న మొహం ఎట్ల కాలిందో తెలుసుకొని నా తొవ్వ నేను పడుత."

"మల్లన్న మంచోడు," అన్నాడు ఇస్తారి. అంతటితో అలసిపోయి కళ్లు మూసుకున్నాడు.

జరిగిన సంగతి క్లుప్తంగా ఇది. ఇస్తారి చెన్నూరు ప్రయాణం దసరా మర్నాటికి, అంటే నిన్నటికి, ఖాయమైంది. దారి కోసం రెండు కొత్త సిలిండర్లు, ఇక్కడివాళ్ల మాటలో బండలు, పక్కన పెట్టారు. పొద్దున్నే వాటిని కట్లు కట్టే గదిలో సరిచూద్దామని కాంపౌండర్ మల్లన్న మొదటిదానికి గాలి కొలిచే మీటర్ బిగించి, మూతి తెరిచే తాళంచెవి తిప్పాడు. మూతిలోంచి మంట లేచింది. ముఖం, రెండు చేతులు కాలిపోయాయి. ప్రయాణం ఆగిపోయింది. పెద్ద డాక్టరు పండుగ సెలవులో హైదరాబాదులో ఉన్నాడు. పోలీసులు వచ్చి, సాయంత్రానికల్లా వెంకటి అనే గని పనివాణ్ణి పట్టుకుపోయారు.

సాయంత్రానికల్లా దొరికిన నేరస్థుణ్ణి నేను నమ్మను. పదకొండేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, పై అధికారుల తొందరతో వేగలేక బయటపడ్డవాణ్ణి. నాకు కోపం ఎక్కువని మా వాళ్లంటారు. ఉన్నమాటే.

ఇస్తారి భార్య రాజక్క మంచం పట్టె మీద చెయ్యి వేసి నేలమీద కూర్చుని ఉంది. ఆమెను అడిగాను.

"కొత్త బండలు ఎక్కడ పెట్టిన్రు?"

"గా వరండల సారు. మల్లన్న తెచ్చి నిలవెట్టిండు. పండుగ దినమంత ఆడ్నే ఉన్నయి."

"వాటి దగ్గరికి ఎవరు పోయిన్రు?"

"ఎవ్వలు చెడగొట్టలే సారు. నేను గీ మంచం ఇడిచి దూరం పోనే లేదు. వెంకటి వచ్చిండు, మా ఆయనకు జమ్మాకు ఇచ్చి మొక్కిండు, పోయిండు. వెంకటి గసొంటోడు కాదు."

"ప్రయాణం ఎట్లని అనుకున్నరు?"

ఆ ప్రశ్నతో ఆమె ముఖం మారిపోయింది. నెల రోజులుగా భార్యాభర్తలు నెమరు వేసుకుంటున్న సంగతి కాబోలు, పాఠంలా అప్పజెప్పింది.

"పెద్ద డాక్టరు సారు అంత ఇవరంగ చెప్పిండు. నలభై మైళ్లు. పోను ఒక బండ, రాను ఒక బండ. బండలను పడుకోబెట్టి తాళ్లతోని కట్టాలె. డ్రైవరు బీడీ ముట్టియ్యద్దు. మా ఆయనను పండవెట్టద్దు, దిండ్లు పెట్టి కూసోవెట్టాలె. బండి ఎక్కినంక మాట్లాడియ్యద్దు. నడుమ వాగున్నది, ఆడ ఆగవడితె పరేషాన్ కావద్దు, మీటర్ ముల్లు చూసుకుంట ఉండాలె. ముల్లు అడుక్కు రాకముందే రెండో బండ మార్చాలె. మార్చుడు డ్రైవరుకు నేర్పిచ్చిండు. అన్నీ అనుకున్నం సారు. ఏదీ ఇడిచి పెట్టలే."

"చెన్నూరుల ఎవరున్నరు?"

"మా బావ. పోశం. గీయినకు అన్న."

ఆ తరువాత ఆమె చెప్పింది నా కేసుకు సంబంధించింది కాదు. అయినా ఆపలేకపోయాను. నేతపని ఇల్లు. అమ్మా నాన్నా గత్తర, అదే కలరా, వచ్చి ఒక్క వారంలో పోతే, పన్నెండేళ్ల పోశం నాలుగేళ్ల ఇస్తారిని సాకాడు. అన్న మగ్గం గుంతలో కూర్చుంటే తమ్ముడు పక్కన నూలు కండెలు చుట్టేవాడు. పెళ్లిళ్లయ్యాక ఒక్క మగ్గం రెండు కుటుంబాలకు కూడు పెట్టలేదు. ఎవరో ఒకరు బొగ్గు బాయికి పోవాలి. నేను పోతానంటే నేను పోతానని అన్నదమ్ములు కొట్లాడుకున్నారు. ఒకనాడు తెల్లారేసరికి ఇస్తారి చెప్పకుండా బస్సెక్కేశాడు. ఇప్పుడు అన్నకు పక్షవాతం వచ్చి మూడేళ్లు. ఒకడు నడవలేడు, ఒకడు ఊపిరి తీసుకోలేడు. నడుమ నలభై మైళ్లు. చెన్నూరు బస్సు కండక్టరు అటు మాట ఇటూ, ఇటు మాట అటూ మోస్తున్నాడు.

"రోజు అడుగుతడు సారు," అంది రాజక్క. "నేను పోతె అన్న నా గొంతు గుర్తువడుతడా అని. ఏం చెప్పాలె నేను?"

లేచి మల్లన్న గదికి వెళ్లాను.

కళ్లకు కట్టున్న మనిషిని ప్రశ్నించడం నాకు నచ్చదు. మనిషి అబద్ధం చెప్పేటప్పుడు ముందు కళ్లే దొరికిపోతాయి. కానీ మల్లన్న గొంతులో అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు.

"నిన్న ఏం చేసినవో వరుసగ చెప్పు మల్లన్నా."

"రోజు చేసేదే సారు. బండ మూతికి మీటర్ బిగిచ్చిన. తాళంచెవి పెట్టి తిప్పిన. బుస్సుమన్నది. నిప్పు నా మీదికి దునికింది."

"పేలిన చప్పుడు వచ్చిందా?"

"పేలలే. చిచ్చుబుడ్డి తీరుగ లేచింది."

"పక్కన దీపం గాని, బీడీ గాని?"

"ఏదీ లేదు. గంత తెల్వనోణ్ణా?"

"మీటర్ బిగించేటప్పుడు ఏమన్న తేడా కనిపించిందా?"

కాస్త ఆలోచించాడు. "తేడా అంటే... మెత్తగ ఎక్కింది సారు. గీ కొత్త బండల మరలు మస్తు బిగువు. మొన్న తెచ్చినప్పుడు ఒకదానికి మీటర్ ఎక్కక తిట్టుకున్న కూడ. నిన్న ఏందో సులువుగ తిరిగింది."

"వెంకటితోని నీకు లొల్లి ఏంది?"

"కల్లు కాడ లొల్లి. తాగిన మీద నీ మొహం కాలవెడ్తనన్నడు. తెల్లారి వచ్చి తప్పైందని చేతులు పట్టుకున్నడు. ఇన్‌స్పెక్టర్ సాబుకు రెండూ చెప్పిన. ఆయన మొదటిదే రాసుకున్నడు."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

కట్లు కట్టే గదికి నిన్న వేసిన పోలీసు తాళం తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. సిలిండర్ నేలమీద పక్కకు పడి ఉంది. మూతి ఇత్తడి సగం కరిగి, చల్లారి, ముద్దకట్టింది. ఎదురు గోడమీద ఒకే చోట, అరచేయంత మేర మసి. సిలిండర్‌కు రెండడుగుల దూరంలో కిటికీ. దాని అద్దం ఒక్కటీ పగల్లేదు. సిలిండర్ మెడ మీద పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టారు. బొట్టు కింద నల్లటి చార ఒకటి మూతి దాకా పాకింది. దాన్ని చూస్తూ కూర్చుండగా వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏమండీ సిద్దిరాములు గారూ! యూనిఫాం వదిలేసినా దర్యాప్తు జబ్బు వదల్లేదన్నమాట."

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భీమేశ్వరరావు. కాకినాడ వైపు మనిషి. రాష్ట్రాలు కలిశాక ఇటు బదిలీ అయి వచ్చాడు. తల నిండా సువాసన నూనె, నొక్కి దువ్విన క్రాపు. లంచం ముట్టడు, సోమరి కాడు. ఉన్న చిక్కల్లా ఒక్కటే: ఏ కేసైనా సాయంత్రం లోపల తేలిపోవాలంటాడు.

"నా జబ్బు నయం సాబ్," అన్నాను. "మీ జబ్బే ఇంకొకని ప్రాణం మీదికి తెస్తది. వెంకటిని ఎందుకు పట్టుకున్నరు?"

"వాడు గనిలో మందుగుండు పేల్చే మనిషి. ఇంట్లో వెతికితే తీగ దొరికింది. పండగ ముందురోజే మొహం కాలుస్తానని అందరి ముందూ అన్నాడు. పండగ రోజు వరండాలోకి వచ్చినవాడూ వాడే. చిటికెడు పౌడరు ఆ మూతిలో కూరి పోయాడు. ఇంకేం కావాలండీ మీకు?"

"కిటికీ అద్దం పగలాలె. పౌడరు పేలితే ఆ అద్దం ఉంటదా?"

"తక్కువ పెట్టి ఉంటాడు."

"పేలిన లోహం చీలుతది. గిది కరిగింది. చీలలే."

"వేడికి కరిగింది."

"గంత వేడి చిటికెడు పౌడరుతోని వస్తదా? మల్లన్న చప్పుడే కాలేదంటుండు."

"కాలినవాడికి చప్పుడు గుర్తుంటుందా? మీరు అద్దాలు లెక్కపెట్టండి, నేను మనుషుల్ని చూస్తాను."

"గీ బొట్టు చూసినరా?"

"దసరా అండీ! మా జీపుకీ పెట్టారు, లాకప్ తాళానికీ పెట్టారు. బొట్టు పెట్టినవాళ్లందర్నీ పట్టుకుంటే జిల్లా మొత్తం లోపలే ఉంటుంది."

గొంతులు లేచాయి. అతను నన్ను బీమా కంపెనీ జీతగాడన్నాడు. నేనతన్ని గుమ్మం దాటకుండా దేశం చూసేవాడన్నాను. ఇంకా ఏమేం అనుకునేవాళ్లమో గానీ, నర్సు అనసూర్య గుమ్మంలోకి వచ్చింది.

"సారూ, చెన్నూరు బస్సు వచ్చింది. కండక్టరు కబురు తెచ్చిండు. గా పోశం నిన్నటి నుంచి నీళ్లు గూడ ముడుతలేడట. గిది విన్నకాడికెళ్లి ఇస్తారి గొట్టం పీకేసుకుంటుండు. నన్నన్న తీస్కపోండ్రి, లేకుంటె సావనియ్యిండ్రి అంటుండు. మీరు వద్దన్నరని వాన్ ఆపినం. ఏం చెయ్యాలె?"

భీమేశ్వరరావు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఒక్క క్షణం అతని ముఖంలో పోలీసు కనబడలేదు.

"రెండో సిలిండర్ నేను చూశాను. అందులో పౌడరు లేదు," అన్నాడు. "దొంగ దొరికాడు. ఇంకా ఆ ముసలాణ్ణి ఆపడం దేనికి? పంపించెయ్యండి." తరువాత నావైపు తిరిగి, సంజాయిషీలా అన్నాడు. "మా అన్నయ్యా కాకినాడలో ఒక్కడే ఉన్నాడండీ. చూసి నాలుగేళ్లయింది. సెలవు పెడదామనుకుంటాను, కుదరదు."

అంతసేపు కసిరినవాణ్ణి, ఆ మాటకు మెత్తబడ్డాను. మంచి పని చేశాడనే అనుకున్నాను.

మూతి నుంచి కరిగి ఊడిపడిన ఇత్తడి ముక్క స్టేషన్‌లో ఉంది. అది చూస్తే గానీ ఒప్పుకోనన్నాను. చూసి నోరు మూసుకొమ్మన్నాడు. ఇద్దరం జీపులో స్టేషన్‌కు వెళ్లాం. మేం బయల్దేరుతుండగా ఇస్తారిని ఆరుగురు మనుషులు కుర్చీతో సహా ఎత్తి వ్యాన్ ఎక్కిస్తున్నారు. అతను నవ్వుతున్నాడు. దుమ్ము పట్టిన ఆ ఊపిరితిత్తులకు నవ్వడం కూడా బరువేనేమో, నవ్వు మధ్యలో ఆగి ఆగి వస్తోంది.

స్టేషన్‌లో ముందు లాకప్‌లో ఉన్న వెంకటితో మాట్లాడాను.

"పండుగనాడు ఆ బండలను చూసినవా?"

"చూసిన సారు. ముద్దుగ బొట్లు పెట్టి ఉన్నై. ముంగట దీపం పెట్టిన్రు. దేవుని లెక్క ఉన్నయని ఇస్తారన్నతోని అన్న. ఆయన నవ్విండు. మరి నాకు గదే దేవుడు గదరా అన్నడు."

దీపం. అంటే నూనె.

భీమేశ్వరరావు ఇనప్పెట్టె తెరిచి, చేతిరుమాలులో కట్టిన ఇత్తడి ముక్కను నా ముందు పెట్టాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పేలుడు మందు వాసన ఎంతకీ పోదు, పోలీసులో ఉండగా అలవాటైన వాసనే. ఇందులో అది లేదు. కొండెక్కిన దీపం వాసన ఉంది. మర లోపలి గాడుల్లో మంట తగలని చోటు ఒకటి మిగిలింది. గోటితో గీకాను. గోటికి జిడ్డు అంటుకుంది, పసుపు రంగు జిడ్డు.

ముక్కను బల్లమీద పెట్టేశాను.

వరంగల్లో ఒక వెల్డింగ్ దుకాణం కాలిపోయిన కేసు నేను చూశాను. అక్కడ పనివాడు గ్రీజు చేతులతో ఆక్సిజన్ సిలిండర్ విప్పాడు. అంతే. ఒత్తిడితో దూసుకొచ్చే ఆక్సిజన్‌కు నూనె తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేదు, తనంతట తనే అంటుకుంటుంది. ఆ సంగతి సిలిండర్ మీద ఇంగ్లీషులో రాసే ఉంటుంది. ఇక్కడ చదివేదెవరు?

"సాబ్, రెండో బండకు బొట్టు ఉన్నదా?"

"ఉందండీ. రెండింటికీ ఉంది. అయితే?"

చెప్పాను. మొదటిసారి ఆ మనిషి నాకు ఎదురు చెప్పలేదు. బల్లమీది టోపీ మరిచిపోయి జీపు దగ్గరికి పరుగెత్తాడు.

దవాఖానలో అనసూర్య మా ముఖాలు చూసే భయపడింది. బండలకు బొట్టు ఎవరు పెట్టారని అడిగాను.

"బొట్టు పెట్టింది రాజక్కనే సారు. పండుగకు ఇంటికి పోయేటట్టు లేకపాయె. సాలెవాళ్లు దసరాకు మగ్గం కడిగి, నాడెకు నూనె రాసి, బొట్టు పెట్టి మొక్కుతరట. మా మగ్గం చెన్నూరుల ఉన్నది, గిప్పుడు మాకు కూడు, నీళ్లు అన్ని గీ బండలే, వీటికే మొక్కుకుంట అన్నది. మంచినూనె నేనే ఇచ్చిన. దీపానికనుకున్న. మూతికి రాస్తదనుకోలే."

మొన్న మల్లన్న మర బిగువుగా ఉందని తిట్టుకున్న మాట రాజక్క చెవిన పడింది. మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె నిలిచిపోతే నూనె రాసే చెయ్యి అది. దారిలో భర్తకు గాలి అందే వేళకు ఆ మర బిగుసుకోకూడదని, రెండు సిలిండర్ల మూతుల్లోనూ ప్రేమగా నూనె రాసింది. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు ఒక్కటీ విడవలేదు. ఆయన చెప్పనిది ఒక్కటి చేసింది.

"వ్యాన్ పోయి ఎంతసేపైంది?"

"గంటన్నర దాటింది. మంచం కాడి బండనే ముందు పెట్టినం. దాంట్ల ముల్లు ముప్పావు మీదున్నది. వాగు కాడ ఆలిస్యం కాకుంటె చెన్నూరు దాకా వస్తదనుకున్నం. కాకుంటె కొత్తది ఉన్నది గద అని..."

"నూనె తగలని బండ ఇంకొకటి ఇయ్యి. మీటర్, తాళంచెవి తోని."

"ఆపరేషన్ గదిల సగం బండ ఒకటుంది. గది గూడ పోతె మాపటికి కొత్త బండల లారీ వచ్చే దాకా నా దగ్గర ఏముండది సారు." అంటూనే ఆ గది తాళం తీసింది.

భీమేశ్వరరావు సిలిండర్ ఎత్తబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. "ముందు సబ్బుతోని చేతులు కడుక్కోండ్రి. మీ తల నూనె అంత మీ చేతులకే ఉన్నది." నోరెత్తకుండా మోచేతుల దాకా కడుక్కున్నాడు.

జీపు అతనే నడిపాడు. దారిలో మేం మాట్లాడుకున్నది ఒక్కసారే.

"ఆవిడకు చెప్పాలంటారా?" అన్నాడు.

"చెప్పకపోతె వెంకటి ఎట్ల బయటికొస్తడు?"

"అది కాదండీ. మొగుడి కోసం చేసింది కదా... ఎలా చెప్పడం?"

నేను సిలిండర్ దొర్లకుండా కాళ్లతో అదిమి పట్టుకున్నాను.

వ్యాన్ వాగు నడుమ ఉంది. వానలు వెనకబడినా నీళ్లింకా మోకాటి లోతు పారుతున్నాయి. వెనక చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. ఖాళీ అయిన సిలిండర్ పక్కకు దొర్లించి ఉంది. కొత్తదానికి మీటర్ బిగించేసి, డ్రైవర్ తాళంచెవి పెడుతున్నాడు. రాజక్క భర్త తలను రొమ్ముకు ఆనించుకుని, తొందరపడమని అరుస్తోంది. ఇస్తారి నోరు తెరిచి ఉంది.

"తిప్పకు! తిప్పకు!" అని గొంతు చించుకున్నాను. నీళ్ల హోరులో నా గొంతు నాకే వినబడలేదు. నీళ్లలో పరుగు సాగదు. డ్రైవర్ రెండు చేతులతో తాళంచెవి పట్టుకున్నాడు.

నా పక్కన రివాల్వర్ పేలింది. భీమేశ్వరరావు ఆకాశంలోకి కాల్చాడు. డ్రైవర్ ఉలిక్కిపడి తాళంచెవి వదిలేశాడు. అది టప్పున నీళ్లలో పడింది.

మేం తెచ్చిన సిలిండర్ వ్యాన్‌లోకి ఎక్కించి, గొట్టం తగిలించి, గాలి వదిలేసరికి ఇస్తారి పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. తలా ఒక దేవుణ్ణి తలుచుకున్నాం. కాసేపటికి రొమ్ము కదిలింది. ఆ తరువాత ఇంకా బాగా కదిలింది. అతను కళ్లు తెరిచే దాకా రాజక్క ఏడవలేదు.

"గా బండల ఏమున్నది సారు?" అని అడిగింది. "ఎవ్వడు పెట్టిండు?"

భీమేశ్వరరావు నీళ్లవైపు చూశాడు. నేను ఉన్నదున్నట్టే చెప్పాను.

"నూనె ఉన్నది రాజక్కా. ఆ గాలికి నూనె తగిలితె నిప్పు పుడుతది."

ఆమె తన కుడి చేతి వేళ్లవైపు చూసుకుంది. మెల్లగా ఆ చెయ్యి కొంగులో దాచుకుంది. చూడలేకపోయాను.

ఇస్తారి ముక్కులో గొట్టం సర్దుకున్నాడు. "నేనే రాయమన్న సారు," అన్నాడు, విడి విడి ఊపిర్లతో. "దానికేం తెల్వది. రాసుకుంటె నా పేరు రాసుకోండ్రి."

"అబద్ధం సారు!" అంది రాజక్క. "గాయిన వద్దనే అన్నడు. మొక్కితె సాలు, ముట్టకు అన్నడు. నేనే ఇనలే. మల్లన్న కాళ్ల మీద పడుత. నన్ను తోలుకపోండ్రి. ముందు గీయినను వాళ్లన్న కాడ దించుండ్రి."

"వెంకటిని సాయంత్రం వదిలేస్తాను," అన్నాడు భీమేశ్వరరావు. "మిగతాది తరువాత మాట్లాడుకుందాం. ఇప్పుడు వెనక్కి వెళ్లాలి. సగం సిలిండర్‌తో చెన్నూరు వెళ్తే తిరిగి రావడానికి ఉండదు."

నేను మీటర్ చూశాను. లెక్క ఎటునుంచి వేసినా ఒకటే. ఈ గాలి దవాఖానకు చాలుతుంది, లేదా చెన్నూరుకు చాలుతుంది. రెండింటికీ చాలదు. ఆ మాట చెప్పబోయాను. ఇస్తారి ముఖం చూసి మింగేశాను. ముందే తెలిసిపోయినట్టుంది. "ఎన్కకు పోతె మల్లొక్కసారి వస్తనా సారు?" అన్నాడు.

అప్పుడే అవతలి గట్టు మీద ఎవరో కేక వేశారు.

ఎడ్లబండి ఒకటి వాలులో దిగుతోంది. కంపెనీ వ్యాన్‌ను చూసి బండివాడు గట్టిగా అడిగాడు.

"దవాఖానకు తొవ్వ గిదేనా అన్నా? చెన్నూరు నుంచి వస్తున్నం. బండిల పెద్దమనిషి ఉన్నడు. ఒక పక్క పడిపోయింది. తమ్ముని వాన్ పోలీసోళ్లు ఆపిన్రని నిన్న మాపటి బస్సుల తెలిసింది. నిన్న పొద్దటి సంది చూసి చూసి నీళ్లు ముడుతలేడు. తమ్ముని కాడికి తోలుకపోతేనే తాగుతనని పంతం వట్టిండు. నిన్ననే పొద్దుగూకంగ బండ్లబాటల బయలెల్లినం."

నీళ్లు ముట్టడం లేదన్న కబురును నేనూ, ఇన్‌స్పెక్టరూ, కండక్టరూ అందరం చావు కబురుగానే తీసుకున్నాం. అది బతికున్న మనిషి పట్టిన పంతమని ఒక్కరికీ తోచలేదు. దారులు, సిలిండర్లు, మైళ్లు లెక్కలేసినవాళ్లం ఇంతమందిమి. నడవలేని మనిషి మాత్రం ఏ లెక్కా లేకుండా బయల్దేరాడు.

నేనూ, భీమేశ్వరరావూ వాగు దాటి, పోశాన్ని చేతుల మీద ఎత్తుకొచ్చాం. బరువే లేడు. వ్యాన్‌లో తమ్ముడి ఎదురుగా దిండుకు ఆనించి కూర్చోబెట్టాం. అతనికి మాట సరిగా రాదు. పనిచేసే ఎడమ చెయ్యి చాచి తమ్ముడి రొమ్ము మీద పెట్టాడు. అది లేచి పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

"అన్నా," అన్నాడు ఇస్తారి. "నీళ్లు తాగే."

రాజక్క చెంబు అందించింది. ఇస్తారే పట్టుకుని తాగించాడు. సగం నీళ్లు గడ్డం మీంచి కారిపోయాయి. పోశం తాగి, తమ్ముడి పేరు ఎలాగో పలికాడు. గొంతు గుర్తుపడతాడా అని ఇన్నాళ్లు అడిగినవాడికి ఆ జవాబు దొరికింది. నాకు ఏడవాలనిపించింది. భీమేశ్వరరావు పక్కకు వెళ్లి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

చెన్నూరు ఇంక పోనక్కర్లేదు. ఇద్దరినీ జీపులో వేసుకుని వెనక్కి వెళ్తే, ఈ గాలి దవాఖానకు సరిగ్గా సరిపోతుంది. కానీ ఇప్పుడే కదలాలి. మీటర్ ముల్లు నా కళ్లముందే దిగుతోంది. ఆ ఇద్దరి మధ్యకు వెళ్లాలంటే మనసు రాలేదు. అయినా వెళ్లాను.

"ఇగ లేవాలె ఇస్తారీ. ఇప్పుడు కదిలితెనే దవాఖాన దాకా గాలి వస్తది."

ఇస్తారి అన్న ముఖం మీంచి చూపు తిప్పలేదు. నా చేతిని మెల్లగా పక్కకు నెట్టాడు.

"మీరు పోండ్రి సారు," అన్నాడు. "నేను వచ్చేసిన."

అన్నదమ్ముల చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్కరిని జీపు దాకా మోయడానికి వాటిని ఎవరు విడదీయాలో తెలియక నేనూ ఇన్‌స్పెక్టరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ముల్లు మరో గీత కిందికి దిగింది.